పచ్చ బటన్ కింద రెండో వాక్యం

జ్వరం వచ్చినప్పుడు లోకం నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ మధ్యాహ్నం నిదానం అనే ఆమెకు అలాగే కనిపించింది. ఆసుపత్రి యంత్రాలు తయారుచేసే ఆ కంపెనీలో గోడలన్నీ అద్దాలే. అద్దాల వెనక మనుషులు చేపల్లా నోళ్ళు తెరిచి మూస్తున్నారు, మాట మాత్రం వినబడదు. ప్రతి తెర మీదా అక్కడక్కడ నారింజ రంగు గీతలు. కళ్ళు మూసుకున్నా రెప్పల లోపల అవే తేలుతున్నాయి.

ఆమె డిటెక్టివ్. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఏ కాగితాన్నయినా మూడుసార్లు చదివితే తప్ప నోరు విప్పదని పోలీసులూ వకీళ్ళూ కలిసి నిదానం అని పేరు పెట్టారు. చివరికి అత్తగారి నోట కూడా అదే స్థిరపడిపోయింది.

మూలగదిలో ఆమె మరిది ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. కొత్త చెప్పుల పెట్టె మీద రాసింది కూడా పూర్తిగా చదివిగానీ చెప్పులు వేసుకోని మనిషి. అలాంటివాడు ఇవాళ చదవకుండా ఒక బటన్ నొక్కిన నేరానికి ముద్దాయి.

జరిగింది ఇది. ఈత నేర్పే ఒకావిడ మోకాలికి చిన్న ఆపరేషన్ చేయించుకోవడానికి ఆసుపత్రిలో చేరింది. అరగంట పని. మూడు రోజులైంది, ఆవిడ ఇంకా కళ్ళు తెరవలేదు. ఈ కంపెనీ చేసిన మత్తు యంత్రం ఆవిడకు ఇవ్వాల్సిన మత్తు ఒకసారి ఇచ్చి, మళ్ళీ మొదట్నించీ ఇచ్చేసింది. యంత్రాన్ని నడిపే ప్రోగ్రామ్‌లో ఆ ముక్క రాసింది నిదానం మరిది. సాయంత్రం ఐదింటికి అతన్ని స్టేషన్‌కి తీసుకుపోతానని ఇన్‌స్పెక్టర్ నిదానం వాళ్ళింటికి కబురు పెట్టాడు. గడియారంలో మూడు దాటింది.

"వదినా, కళ్ళేంటి అంత ఎర్రగా ఉన్నాయి? జ్వరమా?"

"నా జ్వరం సంగతి నేను చూసుకుంటాగానీ, నువ్వు ఆ బటన్ సంగతి చెప్పు. నాకు కంప్యూటర్ల గురించి ఏమీ తెలీదనుకుని చెప్పు."

"అనుకోవడమెందుకులే వదినా."

నవ్వబోయి ఇద్దరూ ఆగిపోయారు. అతను తెర తిప్పి చూపించాడు.

"మా దగ్గర కాపలా అని ఒక పరికరం ఉంది. మేం రాసిన ప్రోగ్రామ్‌ని నడపకుండానే చదివి, ఎక్కడ తప్పు జరిగేట్టుందో చెబుతుంది. వంట రుచి చూడకుండా, గరిటె తిప్పే తీరు చూసే 'ఉప్పు రెండుసార్లు పడింది' అనే అత్తగారి లాంటిదన్నమాట."

"మధ్యలో మా అత్తగారిని లాగకు."

"మా అమ్మే కదా వదినా, నాకు లేదా హక్కు? సరే. అనుమానం ఉన్నచోట నారింజ గీత గీస్తుంది. గీత మీద వేలు పెడితే హెచ్చరిక తెరుచుకుంటుంది."

"నువ్వు రాసినదాంట్లో ఏం అనుమానం వచ్చింది దానికి?"

"యంత్రం తను ఎంతసేపట్నుంచి నడుస్తోందో లెక్కపెట్టుకుంటుంది. ఆ లెక్క దాచుకునే అర నేను చిన్నది కట్టాను. పాత స్కూటర్ మీటరు చూశావుగా? అన్నీ తొమ్మిదులయ్యాక ఏమవుతుంది?"

"మళ్ళీ సున్నాలు."

"అంతే. ఆసుపత్రివాళ్ళు ఆ యంత్రాన్ని రోజుల తరబడి ఆపలేదు. సరిగ్గా ఆపరేషన్ మధ్యలో సున్నాలు తిరిగాయి. అది 'నన్ను ఇప్పుడే ఆన్ చేశారు, ఎదురుగా కొత్త మనిషి ఉన్నాడు' అనుకుంది. మొదటి మోతాదు మళ్ళీ ఇచ్చింది."

"కాపలా ముందే చెప్పిందిగా. నువ్వేం చేశావు?"

అతను కళ్ళు మూసుకున్నాడు. తెల్లారాక కలను వెనక్కి లాక్కునేవాడిలా నుదురు ముడిపడింది.

"పోయిన వేసవి సంగతి వదినా. ఏదో మెత్తగా చెప్పింది. భయపెట్టలేదు. పచ్చగా ఒక బటన్ ఉంది, 'సరిచేయి' అని. నొక్కాను. గీత పోయింది. ప్రాణానికి హాయిగా అనిపించింది. అంతే గుర్తు."

"సరిచేయి అని నొక్కితే సరికాలేదా?"

"అర పెద్దది కాలేదు. 'చిన్నదని తెలిసే కట్టాను' అని నా తరఫున ఒక ముక్క రాసేసింది. ఆ ముక్క కనిపిస్తే కాపలా ఇంక నోరెత్తదు."

"బటన్ కింద ఏమీ రాసి లేదా?"

"ఉందేమో. కల్లో చదివిన పేపరు లాగుంది వదినా. అక్షరాలున్నాయని తెలుసు. ఏమున్నాయో తెలీదు."

అద్దం తలుపు తెరుచుకుంది. డిపార్ట్‌మెంట్‌లో చురకత్తి అని పిలిచే ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. పోయినసారి కిడ్నాప్ కేసులో ఇతను పట్టుకొచ్చిన మనిషిని నిర్దోషి అని నిరూపించింది నిదానమే. ఆ మంట ఇంకా ఆరలేదు.

"రండి మేడమ్. ఫీజు తీసుకుని వచ్చారా, మరిది కదా అని ధర్మానికి చేస్తున్నారా?"

"మీరు నిజం చెబితే ధర్మానికే. దాచితే ఫీజు మీ దగ్గర వసూలు చేస్తాను."

"దాచడానికేముంది? దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాదిది. ఇక్కడ కుక్క ముందే మొరిగింది. మీ మరిదిగారే దాని నోరు నొక్కారు." చేతిలో కాగితం బల్ల మీద పరిచాడు. "కాపలా రికార్డు. ఇది మీ మరిది పేరు. ఇది ఆయన బటన్ నొక్కిన తేదీ. దీని పక్కన ఉన్నది హెచ్చరిక. చదవండి, తొందరేం లేదు, మీ అలవాటు నాకు తెలుసుగా."

నిదానం చదివింది. తాటికాయంత అక్షరాలు.

'ఒక్క క్షణం ఆగి చూద్దామా? ఈ లెక్క నిండితే మళ్ళీ సున్నా దగ్గర మొదలవుతుంది. యంత్రం తన ఎదుట కొత్త రోగి ఉన్నాడనుకోవచ్చు. దయచేసి అర పెద్దది చేయండి. ప్రమాదం లేదని పూర్తిగా తెలిస్తేనే కింది బటన్ నొక్కండి.'

"పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అది చదివి కూడా నొక్కినవాణ్ణి ఏమంటారు? మతిమరుపు మనిషంటారా? నేనయితే ఇంకో మాటంటాను."

మరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు. కాగితం దగ్గరికి లాక్కుని చదివాడు.

"నేను చూసింది ఇదా? వదినా, నిజంగా ఇదే చదివి నేను నొక్కి ఉంటే..." కాగితం వెనక్కి తోశాడు. "ఐదింటిదాకా ఎందుకు సార్? ఇప్పుడే తీసుకెళ్ళండి."

"కూర్చో," అంది నిదానం. అతను కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆ ఒక్క మాటకు అందరూ కూర్చుంటారు.

"ఆవిడ ఎలా ఉంది, ఇన్‌స్పెక్టర్ గారూ?"

"ఉంది. ఇప్పుడు ఊపిరి యంత్రం మీద ఉంది. అదీ వీళ్ళ కంపెనీదే, ఆ ఆసుపత్రిలో ఇంకోటి లేదట. అందుకే మా హెడ్ కానిస్టేబుల్‌ని మంచం పక్కనే కూర్చోబెట్టాను. ఈ కంపెనీ పురుగు కూడా ఆ గదిలోకి దూరకూడదు. సాక్ష్యం చెడగొట్టనిస్తానా?"

నిదానం మూడోసారి చదవడం పూర్తిచేసింది. హెచ్చరిక కింద ఇంకొన్ని పాత హెచ్చరికలు కూడా అచ్చయి ఉన్నాయి. అన్నిటికన్నా చివరిది ఏడేళ్ళ కిందటిది. దాని మీద ఆమె వేలు కాసేపు ఆగింది.

"ఈ మాటలు రాసిన మనిషి ఎవరు?"

*

ఆమెను అందరూ మాటలావిడ అంటారు. ఆ పెద్ద అంతస్తులో ప్రోగ్రామ్ రాయడం రాని మనిషి ఆవిడొక్కతే. పని ఏమిటంటే, కాపలా చెప్పాల్సిన హెచ్చరికలను మనుషులకు అర్థమయ్యేలా రాయడం. అంతకు ముందు రేడియోలో పిల్లల కార్యక్రమానికి రాసేదట. మెత్తని గొంతు. మూడు రోజులుగా ఏడ్చిన కళ్ళు.

"నేను రాకముందు ఎలా ఉండేవో మీరు చూడాలి," అంది. "'వెడల్పు క్షీణత సంభావ్యం, నియమం నలభై' అని ఉండేది. అది చదివి మనిషేం చేస్తాడండీ? కిటికీలోంచి బయటికి చూస్తాడు. అందుకే ప్రతి హెచ్చరికనూ ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాను. రాసి వదిలేయం. మనుషుల్ని కూర్చోబెట్టి చదివిస్తాం. ఒక్క క్షణం ఆగి చూద్దామా? గది ఇక్కడే."

ఆ మాటకు నిదానం తలెత్తి చూసింది.

చదివే గది వాకిట్లో ఒక బుట్ట ఉంది. లోపల ఫోన్లు మోగకూడదని అందరివీ అందులో పెట్టించారు. మరిది తర్వాత ఇన్‌స్పెక్టర్ గొణుక్కుంటూ తనదీ పెట్టాడు. గదిలో ఒక కుర్చీ, ఒక తెర, తెర మీద చదివేవాళ్ళ చూపు ఎక్కడెక్కడ ఆగుతుందో చూసే చిన్న కెమెరా. గోడలకు దూది కుట్టిన గుడ్డ. అడుగు వేస్తే చప్పుడు లేదు. తన జ్వరంలోకి తనే తలుపు తీసుకుని వచ్చినట్టనిపించింది నిదానానికి.

"ఈ కంప్యూటర్‌కి బయటితో లంకె లేదు," అంది మాటలావిడ. "పరీక్ష మధ్యలో మాటలు మారిపోకుండా విడిగా ఉంచుతాం."

"అంటే పోయిన వేసవి మాటలు ఇందులో అలాగే ఉన్నాయా?"

మాటలావిడ మెల్లగా తల ఊపింది.

"పెట్టండి. నేను కూర్చుంటాను."

తెర వెలిగింది. వరుసలు, వరుసల మధ్య నారింజ గీత. నీళ్ళ అడుగున పడున్న దారప్పోగులా కదులుతున్నట్టుంది. నిదానం వేలు పెట్టింది. చిన్న కిటికీ తెరుచుకుంది. 'ఒక చిన్న సవరణ ఉంది' అన్న వాక్యం. దాని కింద ఆకుపచ్చగా, చల్లగా, లేత మామిడాకులా ఒక బటన్. గీత పోయింది. హాయిగా అనిపించింది.

అప్పుడు ఆమె తన కుడిచేతిని చూసుకుంది. అది బటన్ మీద ఉంది. ఎవరిదో చెయ్యిలా ఉంది.

"కింద ఇంకో వాక్యం ఉందా?" అని అడిగింది.

"ఉంది, 'ముందు అర సరిపోతుందో లేదో చూసుకోండి' అని. మీరు చదవలేదు," అంది మాటలావిడ.

"కోర్టు నోటీసులు మూడుసార్లు చదివేదాన్ని."

"మీ చూపు దాని మీదకి వెళ్ళనే లేదు. ఇదుగో కెమెరా చెబుతోంది. ఎవరి చూపూ వెళ్ళలేదండీ." ఆవిడ తెర ఆపేసింది. "మంచి హెచ్చరిక ఏదో తెలుసుకోవడానికి మాకు ఒక్కటే కొలత. చూశాక గీత ఎంత తొందరగా పోతుంది? తొందరగా పోతే అర్థమైనట్టే, తప్పు సరైనట్టే అనుకున్నాం. ఇది అన్నిటికంటే తొందరగా పోయింది. నాకు సన్మానం చేశారు. యంత్రాల తెరల మీద కనపడే హెచ్చరికలు కూడా నన్నే రాయమన్నారు. గీత పోయిందిగానీ తప్పు ఎక్కడికీ పోలేదని ఆవిడ లేవని రోజు తెలిసింది. మర్నాడు పొద్దుటే కూర్చుని దీన్ని తిరగరాశాను. ఎవరూ అడగలేదు. ఇంకొకరు నొక్కకూడదని నేనే రాశాను."

"ఆగండాగండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అప్పుడు నా రికార్డులో కొత్త మాటలెలా ఉన్నాయి? ఈవిడ అబద్ధమైనా చెబుతుండాలి, రికార్డయినా అబద్ధమై ఉండాలి. కంపెనీ మనిషి మాట నమ్మాలా, కాగితాన్ని నమ్మాలా?"

"కాగితం ఇలా ఇవ్వండి," అంది నిదానం. "చివరి వరుస చూడండి. ఏడేళ్ళ కిందట, వేరే ఎవరో, ఇంకో ప్రోగ్రామ్‌లో. హెచ్చరిక ఎలా మొదలైంది?"

ఇన్‌స్పెక్టర్ చదివాడు. "'ఒక్క క్షణం ఆగి చూద్దామా?'"

"అమ్మా, మీరు ఇక్కడ చేరి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"ఇందాక మీరు మాట్లాడుతూ అదే మాటన్నారు. రేడియో పిల్లలతో అలవాటైన మాట కాబోలు. మీరు రావడానికి ఐదేళ్ళ ముందటి హెచ్చరిక మీ గొంతుతో ఎలా మాట్లాడుతోంది?"

మరిది ఒక్కసారిగా ముందుకొచ్చాడు.

"వదినా! రికార్డులో మాటలుండవు! ఎవరు, ఎప్పుడు, ఏ నియమం, ఆ అంకె ఒక్కటే ఉంటుంది. ఎవరైనా తెరిచి చూస్తే, ఆ అంకెకు ఇవాళ ఏ మాటలుంటే అవి తెచ్చి పక్కన అతికిస్తుంది. చోటు కలిసొస్తుందని మొదట్నించీ అలాగే కట్టారు. రోజూ చూస్తూ కూడా మాకెవరికీ తట్టలేదు."

"పాత ఫోటోలో మనిషికి ఇవాళ్టి చొక్కా తొడిగినట్టు," అంది నిదానం. "ఇన్‌స్పెక్టర్ గారూ, మీ చేతిలో ఉన్నది మొన్న కుట్టిన చొక్కా. నా మరిది చూసింది నేను ఇప్పుడు చూసినదే. నన్ను కూడా ఐదింటికి తీసుకెళతారా?"

చురకత్తి ముఖం మొద్దుబారింది. అయినా ఓడిపోయినట్టు ఒప్పుకునే మనిషి కాదు. "నొక్కింది నొక్కిందే కదా. జడ్జిగారి ముందు చెప్పుకోండి," అన్నాడు. కానీ కాగితాన్ని మడతపెట్టబోయి, మళ్ళీ విప్పి చూసుకున్నాడు.

నిదానం ఇంకా కుర్చీలోనే ఉంది. కణతలు కొట్టుకుంటున్నాయి. కుర్చీ చేతులు నున్నగా అరిగి ఉన్నాయి. ఆమె వాటిని తడుముతూ, నిద్రలో మాట్లాడుతున్నట్టు అడిగింది.

"నాకు ముందు ఈ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?"

"పోయిన వేసవిలోనా? మీ మరిదిగారి జట్టు కాదు," అంది మాటలావిడ. "ఊపిరి యంత్రం వాళ్ళు."

"వాళ్ళ ప్రోగ్రామ్‌లో కూడా ఇదే గీత వచ్చిందా?"

మరిది మధ్యలో అందుకున్నాడు. "రాదు వదినా, సమయం లెక్కపెట్టే గడియారం వాళ్ళు సొంతంగా రాసుకున్నారు..."

"లేదు బాబూ," అంది మాటలావిడ. "నీ గడియారమే తీసుకున్నారు. బాగా రాశావని. వాళ్ళ ప్రోగ్రామ్‌నే ఇక్కడ పెట్టి చదివించాం."

"ఎంతమంది నొక్కారు?" అని నిదానం అడిగింది.

"అందరూ."

"ఇక్కడ నొక్కినవాళ్ళు తమ బల్లల దగ్గర నొక్కకుండా ఉంటారా?"

మరిది గోడకు ఆనుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటున్నాడు.

"మూడు రోజులు. ఆ అర నిండటానికి మూడు రోజులు పడుతుంది. ఆవిడకు ఊపిరి యంత్రం పెట్టింది మూడు రోజుల కిందటి సాయంత్రం."

"నిండితే?"

"నిండబోయే ముందు తెర మీద మూడుసార్లు చెబుతుంది, వేరే యంత్రానికి మార్చమని. నాలుగోసారి చెప్పదు. సున్నా తిరిగితే ఇప్పుడే ఆన్ చేశారనుకుంటుంది. మొదలుపెట్టమని మనిషి చెప్పేదాకా ఆగుతుంది."

"ఆగుతుందంటే?"

"ఆగుతుంది వదినా."

మాటలావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ మూడు హెచ్చరికలూ నేను రాసినవే. పోయిన వేసవి పద్ధతిలోనే. పైన పచ్చ బటన్, కింద చిన్న అక్షరాలు. వాటిని మార్చాలంటే మనిషి యంత్రం దగ్గరికి వెళ్ళాలి. నిన్న వెళ్ళాను. వాకిట్లో పోలీసాయన రానివ్వలేదు. కంపెనీ పురుగు కూడా దూరకూడదన్నాడు."

నిదానం ఇన్‌స్పెక్టర్ వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది. అతను అప్పటికే తలుపు తోసుకుని ఫోన్ల బుట్ట దగ్గర ఉన్నాడు. చేతికి ముందు ఎవరిదో ఫోన్ వచ్చింది, విసిరేశాడు. తనది దొరికింది. నంబరు నొక్కి, నలుగురికీ వినిపించేట్టు పెట్టాడు.

"సార్." హెడ్ కానిస్టేబుల్ గొంతు ఆవులింతలోంచి వచ్చింది. దాని వెనకాల ఊపిరి యంత్రం చప్పుడు. లేస్తోంది, దిగుతోంది. ఎక్కడో దూరంగా, మధ్యాహ్నపు సముద్రం.

"ఆవిడ ఎలా ఉంది?"

"ప్రశాంతంగా పడుకుంది సార్. చూస్తుంటే నాకూ నిద్రొస్తోంది."

"యంత్రం మీద ఏమన్నా కనిపించిందా?"

"భోజనం వేళప్పట్నుంచి అప్పుడప్పుడు కుయ్‌మంటోంది సార్. ఆవిడ నిద్ర చెడుతుందని పచ్చ బటన్ నొక్కాను. పాపం, మంచి యంత్రం సార్, వెంటనే ఊరుకుంటుంది. ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు, మీరు చెప్పినట్టే. నర్సమ్మ వస్తే కూడా, అంతా బాగానే ఉందమ్మా అని పంపించేశాను."

ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి కాగితం జారి నేల మీద పడింది. దాన్ని ఎవరూ తీయలేదు.

"ఎన్నిసార్లు నొక్కావు?"

"రెండుసార్లు సార్."

"విను. లే. పరిగెత్తు. డాక్టర్‌ని పిలుచుకురా, నర్సుని పిలు, అందర్నీ రానివ్వు. చేత్తో ఊపిరి ఊదే సంచీ తెమ్మను. ఇప్పుడే, ఈ క్షణమే!"

"అలాగే సార్. వెళ్తున్నా సార్." కుర్చీ జరిగిన చప్పుడు. బూట్లు రెండడుగులు వేసి ఆగాయి. ఫోన్‌లో సన్నగా, ముద్దుగా, నిద్రలో పసిపిల్ల మూలిగినట్టు వినిపించింది. కుయ్.

"ముట్టుకోకు!" మరిది అరిచాడు.

కానీ ఆ మాట అక్కడికి చేరేలోపే కుయ్ ఆగిపోయింది. బూట్లు వరండాలో పరిగెత్తి పరిగెత్తి దూరమయ్యాయి. ఫోన్ మంచం పక్కనే మరచిపోయినట్టున్నాడు.

నిదానం తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది.

ఫోన్‌లో ఒక అల పైకి లేచింది. అది దిగే చప్పుడు కోసం నలుగురూ ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు.